ఊరి అంచున ఇల్లు: బోరు నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా ప్లంబింగ్ పనులు

పట్టణం పెరుగుతూ పల్లెను తాకే చోట ఉన్న ఇళ్లలో ప్లంబింగ్ ఏ రెండింట్లోనూ ఒకేలా ఉండదు. ఒక వీధికి ప్రజా సరఫరా లైను ఉంటుంది, పక్క వీధికి బోరే దిక్కు. ఒకరి మురుగు పెద్ద కాలువలోకి వెళుతుంది, మరొకరిది పెరట్లోని సెప్టిక్ ట్యాంకులో పడుతుంది. చాలా ఇళ్లలో రెండూ కలిసే ఉంటాయి: వంటింట్లోకి సరఫరా నీరు, స్నానాలకూ మొక్కలకూ బోరు నీరు. ఇలాంటి ఇంట్లో నీటిని తోడడం, నిల్వ చేయడం, శుభ్రంగా ఉంచడం, వాడిన నీటిని దారిలో పెట్టడం అన్నీ ఇంటివారి బాధ్యతే.

ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే: తప్పు ఎక్కడ మొదలైందో తేలేవరకు పైపు కోయకూడదు, మోటారు మార్చకూడదు, గోడ పగలగొట్టకూడదు. ధార సన్నబడిందని కొత్త మోటారు బిగిస్తారు. తీరా చూస్తే కుళాయి మూతిలోని జాలీ ఇసుకతో మూసుకుపోయి ఉంటుంది. మరుగుదొడ్డి నిదానంగా దిగుతోందని యాసిడ్ పోస్తారు. అడ్డు ఉన్నది సెప్టిక్ ట్యాంకు లోపలి పైపు దగ్గర. కింది క్రమమంతా ఆ మూలాన్ని పట్టుకోవడానికే.

ముందుగా ఇంటి నీటి పటం

ఒక కాగితం తీసుకుని నీరు ఇంట్లోకి వచ్చే చోటు నుంచి నడక మొదలుపెట్టండి. బోరు, మోటారు, సంపు, పై ట్యాంకు, అక్కడి నుంచి దిగే పైపులు, ప్రతి గదికి చీలే చోట్లు, మురుగు చాంబర్లు, సెప్టిక్ ట్యాంకు మూత, దాని నీరు నేలలోకి ఇంకే ఇంకుడు గుంత... వరుసగా గుర్తించండి. గోడలో కలిసిపోయిన పైపు ఎటు వెళ్లిందో తెలియకపోతే పై అంతస్తులో కుళాయి తిప్పి, గోడకు చెవి ఆనించి వినండి. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి వేళ ఇది బాగా పనిచేస్తుంది.

పటంలో అన్నిటికంటే ముఖ్యం వాల్వులు. పైపు పగిలి నీరు చిమ్ముతున్నప్పుడు వాల్వు కోసం వెతికే ఇంటికి నష్టం రెట్టింపు. ట్యాంకు నుంచి దిగే ప్రతి లైనుకు ఒకటి, ప్రతి స్నానాల గదికి ఒకటి, ఫ్లష్ ట్యాంకుకూ సింకుకూ కింద చిన్న యాంగిల్ వాల్వులు ఉండాలి. లేకపోతే తర్వాతి మరమ్మతు చేయించేటప్పుడే పెట్టించండి. ఒక్కోదానికి చిన్న చీటీ కట్టి అది దేన్ని ఆపుతుందో రాయండి. ఇంట్లో పిల్లలకూ పెద్దవారికీ కనీసం ప్రధాన వాల్వు చూపించి, తిప్పించి నేర్పండి.

బాల్ వాల్వు పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. గుండ్రటి చక్రం ఉండే గేట్ వాల్వు ఏళ్ల తరబడి కదపకపోతే పట్టేస్తుంది. ఆరు నెలలకొకసారి ప్రతి వాల్వునూ పూర్తిగా మూసి తెరవండి. గేట్ వాల్వును పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి ఉంచితే మరోసారి సులభంగా కదులుతుంది. పట్టేసిన దాన్ని బలమంతా పెట్టి తిప్పవద్దు. కాడ విరిగితే చిన్న పని కాస్తా పెద్దదవుతుంది.

రెండు నీళ్లు ఒక పైపులో కలవకూడదు

పటం పూర్తయ్యాక మొట్టమొదట చూడాల్సింది ఇది. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతున్నాను. బోరు లైనునూ ప్రజా సరఫరా లైనునూ మధ్యలో ఒక వాల్వు పెట్టి నేరుగా కలిపేసే అలవాటు చాలా చోట్ల ఉంది. సరఫరా ఆగిన రోజు బోరు నీళ్లు అదే పైపులో వస్తాయన్నది ఆలోచన. కానీ సరఫరా లైనులో ఒత్తిడి పడిపోయిన క్షణాన ఆ వాల్వు కాస్త తెరుచుకుని ఉన్నా, లోపల అరిగి ఉన్నా, మీ బోరు నీరు వెనక్కి పారి వీధి లైనులోకి చేరుతుంది. పరీక్ష చేయని నీటిని వీధిలోని వారంతా తాగాల్సి వస్తుంది. నీటిని ఒకే దిశలో పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు ఒక్కటే దీనికి పూర్తి రక్షణ కాదు. దాని రబ్బరు మీద ఒక ఇసుక రేణువు నిలిచినా నీరు వెనక్కి దారి చేసుకుంటుంది.

నమ్మదగిన పద్ధతి గాలి ఖాళీ. రెండు నీళ్లూ విడివిడి పైపుల్లో వచ్చి, ట్యాంకు పై అంచు దగ్గర, ఓవర్‌ఫ్లో రంధ్రం కంటే ఎత్తు నుంచి కిందికి పడాలి. పైపు కొన ఎప్పుడూ నీటిలో మునగకూడదు. మధ్యలో గాలి ఉన్నంతవరకు వెనక్కి పీల్చుకోవడానికి నీటికి దారి లేదు.

ఇదే ప్రమాదం పెరట్లో కూడా ఉంది. కుళాయికి తగిలించిన గొట్టం కొనను పురుగుమందు కలిపే డ్రమ్ములోనో, పశువుల తొట్టిలోనో ముంచి వదిలేస్తే, లైనులో ఒత్తిడి తగ్గగానే అందులోని నీరు గొట్టం ద్వారా ఇంటి పైపుల్లోకి వస్తుంది. గొట్టాన్ని పైనుంచి పట్టుకునే నింపండి.

ధార సన్నబడినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

ఒక్క కుళాయిలోనేనా, అన్నిటిలోనా? ఒక్కదానిలోనే అయితే తప్పు ఆ కుళాయిదే. మూతిలోని జాలీని విప్పి వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బోరు నీటి సున్నం, ఇసుక అక్కడే పేరుకుంటాయి. జాలీ తీసినా ధార పెరగకపోతే కింది యాంగిల్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి.

వేడి నీటి వైపే తగ్గిందా? అప్పుడు గీజరు, దాని ముందున్న వాల్వు, దాని పైపులు అనుమానించాలి. ఒక గది మొత్తం తగ్గిందా? ఆ గది వాల్వు. ఇల్లంతా తగ్గిందా? ట్యాంకు నుంచి దిగే ప్రధాన పైపు, లేదా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండిన తర్వాత తగ్గిందా? పైపులో గాలి చిక్కుకుంది. అన్నిటికంటే కింద ఉన్న కుళాయిలను పూర్తిగా తెరిచి కొంతసేపు వదిలేస్తే ముందు ఉమ్ముతూ, తర్వాత నిండుగా వస్తుంది.

ఇవేవీ కాకపోతే ఎత్తు లెక్క చూడాలి. 10 మీటర్ల ఎత్తున్న నీరు దాదాపు 1 బార్ ఒత్తిడి ఇస్తుంది. షవరు కంటే 3 మీటర్ల పైన ఉన్న ట్యాంకు ఇచ్చేది 0.3 బార్ మాత్రమే. ఎక్కువ ఒత్తిడి కోసం చేసిన ఖరీదైన షవరును అక్కడ బిగిస్తే నీరు కారినట్టే వస్తుంది. అది ప్లంబర్ తప్పూ కాదు, పైపు తప్పూ కాదు. తక్కువ ఒత్తిడికి తగిన షవరు ఎంచుకోవాలి, లేదా ట్యాంకు ఎత్తు పెంచాలి, లేదా చిన్న ప్రెజర్ పంపు పెట్టాలి. నా ఓటు మొదటిదానికి. ప్రెజర్ పంపు పెట్టే ముందు పాత పైపులు ఆ ఒత్తిడికి తట్టుకుంటాయో లేదో చూసుకోవాలి. కొన్నాళ్లుగా చిన్నగా ఊరుతున్న ప్రతి జాయింటూ అప్పుడు బయటపడుతుంది.

కనబడని లీకేజీ

రాత్రి పడుకునే ముందు అన్ని కుళాయిలూ కట్టేసి నీటి మీటరు అంకె రాసుకోండి. తెల్లవారి ఎవరూ నీరు వాడకముందే చూడండి. అంకె కదిలితే ఎక్కడో నీరు పోతోంది. మీటరు లేని బోరు ఇంట్లో పై ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి అదే పని చేయవచ్చు. ఆ తర్వాత విభజించాలి. మరుసటి రాత్రి ట్యాంకు దగ్గరి వాల్వులన్నీ మూసి చూడండి. అప్పుడూ మట్టం దిగితే లోపం ట్యాంకుదే, లేదా మోటారు నుంచి వచ్చే పైపులో నాన్ రిటర్న్ వాల్వు పట్టడం లేదు. దిగకపోతే లీకేజీ ఇంటి లోపలి లైన్లలో ఉంది. ఒక్కో రాత్రి ఒక్కో లైను తెరిచి వదిలితే దొంగ దొరుకుతుంది.

ఎక్కువసార్లు ఆ దొంగ ఫ్లష్ ట్యాంకే. అందులో కాస్త తినే రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడులోకి రంగు దిగితే అడుగు రబ్బరు అరిగింది. రంగు దిగకపోయినా ట్యాంకులో నీరు లోపలి ఓవర్‌ఫ్లో గొట్టం అంచును తాకుతుంటే, ట్యాంకు నిండగానే నీటిని ఆపే ఫ్లోట్ వాల్వును సరిచేయాలి. ఈ నీరు చప్పుడు లేకుండా కమోడు గోడ వెంట జారుతుంది కాబట్టి నెలల తరబడి ఎవరి కంటా పడదు.

సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి రోజుకు దాదాపు 20 లీటర్లు పారబోస్తుంది. ఆ నీరు సెప్టిక్ ట్యాంకులోకే వెళ్లే ఇంట్లో నష్టం ఇంకా ఎక్కువ. ఇంకుడు గుంత ఎప్పుడూ తడిగానే ఉండి, పీల్చే శక్తి కోల్పోతుంది. పైన కారే కుళాయికీ కింద పొంగే మురుగుకూ ఉన్న ఈ సంబంధాన్ని చాలామంది గమనించరు.

కారే కుళాయి: వాషర్ మార్చడం

తిప్పే పిడి ఉన్న పాత రకం కుళాయి గురించి ఇది. ముందు ఆ లైను వాల్వు మూయండి. కుళాయి తెరిచి లోపలి నీరంతా వదిలేయండి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి, జారిపడిన స్క్రూ మురుగులోకి పోకుండా. పిడి మీది స్క్రూ తీసి పిడిని ఊడదీయండి. కింద కనిపించే నట్టును రెంచితో అపసవ్యంగా తిప్పండి. తిప్పేటప్పుడు రెండో చేత్తో కుళాయి ఒంటిని గట్టిగా పట్టుకోకపోతే గోడలోని జాయింటు కదులుతుంది. నట్టు ఊడాక లోపలి కాడ (స్పిండిల్) బయటకు వస్తుంది. దాని కొన మీద ఉన్న రబ్బరు బిళ్లే వాషర్. అరిగిన వాషర్ మీద ఉంగరం ఆకారంలో లోతైన గాడి పడి ఉంటుంది.

కొత్తది పెట్టే ముందు మరో పని చేయాలి. చిటికెన వేలు కుళాయి లోపలికి పెట్టి, వాషర్ ఆనే ఇత్తడి అంచును మెల్లగా తడమండి. నున్నగా తగిలితే కొత్త వాషర్ చాలు. గరుకుగానో, ఒక చోట గంటు పడినట్టో తగిలితే ఎన్ని వాషర్లు మార్చినా ఆ గంటు కొద్ది రోజుల్లో కొత్త రబ్బరును కోసేస్తుంది. అప్పుడు ఆ అంచును అరగదీయించాలి, లేదా కుళాయినే మార్చాలి. మాటిమాటికీ వాషర్ మార్చే ఇళ్లలో కారణం సాధారణంగా ఇదే. కుళాయిని బలంగా బిగించి కట్టే అలవాటు కూడా రబ్బరును త్వరగా తినేస్తుంది.

పావు చుట్టు తిరిగే కొత్త రకాల్లో వాషర్ ఉండదు, సెరామిక్ బిళ్లలున్న కాట్రిడ్జ్ ఉంటుంది. అది కారితే విప్పి తీసి, అదే కొలతది కొత్తది పెట్టడమే. పాతదాన్ని దుకాణానికి వెంట తీసుకెళ్లండి.

మరలున్న ఏ జాయింటుకైనా టెఫ్లాన్ టేపును పైపు కొన మీ వైపు ఉండేలా పట్టుకుని సవ్యదిశలో, మరల్లోకి దిగేలా లాగుతూ చుట్టాలి. తలకిందులుగా చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దవుతుంది.

ప్లాస్టిక్ పైపు అతకడం

పైపుల్లో రెండు రకాలను గుర్తుపెట్టుకుంటే చాలు. యూపీవీసీ చల్లటి నీటికి. సీపీవీసీ వేడి నీటికీ పనికొస్తుంది. గీజరు నుంచి వచ్చే లైనులో యూపీవీసీ ముక్క ఒక్కటి వేసినా అది మెత్తబడి వంగుతుంది, జాయింటు వదులుతుంది. రెండింటికీ వాడే సాల్వెంట్ సిమెంటు కూడా వేరు. డబ్బా మీద చూసి తీసుకోండి.

పైపును నిటారుగా, వంకర లేకుండా కోయండి. కోసిన అంచున వేలాడే పోగులను లోపలా బయటా చాకుతో గీకేయండి. అక్కడే తర్వాత జుట్టూ మడ్డీ చిక్కుకుంటాయి. తడి, దుమ్ము లేకుండా తుడవండి. అతికించే ముందు ఒకసారి పొడిగా అమర్చి, కొలత సరిపోయిందో చూసి, పైపు మీదా ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క) మీదా ఒకే గీత గీయండి. తర్వాత పైపు కొనకు, ఎల్బో లోపలికి సిమెంటును పలుచగా, అంతటా రాయండి. గీత నుంచి పావు చుట్టు పక్కకు పెట్టి లోపలికి తోస్తూ గీతలు కలిసేలా తిప్పండి. అర నిమిషం కదలకుండా పట్టుకోండి. వదిలేస్తే పైపు తనంతట తానే కొంచెం వెనక్కి జారుతుంది. ఆ వెలితి వారం తర్వాత చెమ్మగా కనిపిస్తుంది. నీరు ఎప్పుడు వదలాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ సమయం తగ్గించవద్దు.

తుప్పు పట్టిన పాత ఇనుప పైపులో ఒక ముక్క మార్చి ఊరుకుంటే పక్క ముక్క కారడం మొదలవుతుంది. కుదిరితే ఆ లైను మొత్తం ఒకేసారి మార్చండి.

బోరు, మోటారు

నేల మీద పెట్టే మోటారు నీటిని పీల్చి తెస్తుంది. సిద్ధాంతం ప్రకారం గాలి ఒత్తిడి నీటిని 10 మీటర్ల దాకానే పైకి తోయగలదు. ఆచరణలో 7 మీటర్లు దాటితే కష్టం. వేసవిలో మట్టం అంతకంటే కిందికి దిగితే ఎంత పెద్ద మోటారు పెట్టినా రాదు. అప్పుడు నీటిలో మునిగి కింది నుంచి తోసే సబ్‌మెర్సిబుల్ పంపే మార్గం.

మోటారు తిరుగుతోంది కానీ నీరు రావడం లేదంటే వెంటనే ఆపేయండి. నీరు లేకుండా తిరిగితే లోపలి సీళ్లు కాలిపోతాయి. పీల్చే పైపు అడుగున ఉన్న ఫుట్ వాల్వు పట్టకపోతే రాత్రికి రాత్రే నీరు కిందికి జారి పైపు ఖాళీ అవుతుంది. మోటారు పైన ఉన్న బిరడా తీసి నీరు నింపి చూడండి. రోజూ నింపాల్సి వస్తోందంటే ఫుట్ వాల్వు మార్చాలి.

నీరు తెల్లగా వస్తోందా? గాజు గ్లాసులో పట్టి ఒక నిమిషం గమనించండి. తెలుపు అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి: పీల్చే పైపులో ఎక్కడో చిల్లు ఉంది, లేదా బోరులో నీటి మట్టం పంపు దాకా దిగింది. మడ్డి అడుగుకు చేరితే అది సన్నటి మట్టి: పంపు బోరు అడుగుకు మరీ దగ్గరగా ఉండవచ్చు, లేదా బోరు గోడకు వేసిన గొట్టం (కేసింగు) దెబ్బతిన్నది.

గాలి ఒత్తిడితో నీటిని తోసే ప్రెజర్ ట్యాంకు ఉన్న ఇంట్లో కుళాయి తిప్పిన ప్రతిసారీ మోటారు టకటకా ఆన్ అవుతూ ఆగుతుంటే ట్యాంకులో గాలి తగ్గింది. మోటారు ఆపి, కుళాయి తెరిచి నీరంతా వదిలి, ట్యాంకుకు ఉన్న గాలి వాల్వులో ఒత్తిడి కొలవండి. మోటారు మొదలయ్యే ఒత్తిడి కంటే 2 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తక్కువ ఉండాలి. గాలి నింపినా నిలవకపోతే, లేదా ఆ వాల్వు నుంచి నీరు వస్తే, లోపలి రబ్బరు తిత్తి చిరిగింది.

మోటారుకు సంబంధించిన విద్యుత్ పనిని తెలిసిన ఎలక్ట్రీషియనే చేయాలి. నీరూ కరెంటూ కలిసే చోట ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో అతనిచేత పరీక్ష చేయించండి.

నీటి రంగు, వాసన, శుద్ధి

పట్టినప్పుడు తేటగా ఉండి కాసేపటికి గోధుమ రంగుకు మారితే నీటిలో కరిగిన ఇనుము ఉంది. పట్టగానే ఎర్రగా వస్తే పైపుల తుప్పు అయ్యే అవకాశం ఎక్కువ. ఫ్లష్ ట్యాంకు గోడలకు జిగురుగా ఎర్రటి నాచులాంటిది పడితే ఇనుప బ్యాక్టీరియా. కుళ్లిన గుడ్ల వాసన వేడి నీటిలోనే వస్తే గీజరును తుప్పు నుంచి కాపాడే లోపలి యానోడ్ కడ్డీ దగ్గర, రెండిటిలోనూ వస్తే బోరులోనే మూలం వెతకాలి.

అసలైన ప్రమాదాలు మాత్రం కంటికీ ముక్కుకూ అందవు. తాగే బోరు నీటిని ఏడాదికొకసారి, వరద నీరు బోరు మీదుగా పారినప్పుడు తప్పకుండా, ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో, మలం కలిసిందని చెప్పే ఈ.కోలై బ్యాక్టీరియా అసలు కనబడకూడదు. నైట్రేటు లీటరుకు 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎరువులు వేసే పొలాల పక్కన, సెప్టిక్ ట్యాంకుల దగ్గర నైట్రేటు మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. డబ్బా పాలు తాగే పసిపిల్లలకు అది ప్రాణాంతకం కావచ్చు. మరిగిస్తే నైట్రేటు పోదు; నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

పై ట్యాంకును ఖాళీ చేసి, మడ్డి ఎత్తిపోసి, గోడలు రుద్ది కడిగాక క్రిమిసంహారం ఇలా చేయవచ్చు. 1,000 లీటర్ల నీటికి 5 శాతం గాఢత ఉన్న, వాసన ద్రవ్యాలు కలపని బ్లీచు ద్రావణం 1 లీటరు కలిపితే లీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తెరిచి కట్టేయండి. 12 గంటలు అలాగే ఉంచండి. అంతవరకు ఆ నీటిని ఎవరూ తాగకూడదు, స్నానం చేయకూడదు. తర్వాత ఖాళీ చేసి వాసన పోయేదాకా కడగండి. ఆ నీటిని సెప్టిక్ ట్యాంకులోకి వదలవద్దు. మలాన్ని కరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బ్లీచునూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపవద్దు, వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

గీజరు గురించి ఒక్క మాట. దానికి ఉన్న సేఫ్టీ వాల్వు నుంచి నీరు కారుతోందని బిరడా బిగించిన వారు ఉన్నారు. ఆ వాల్వు మూసుకుపోతే గీజరు పేలవచ్చు. అది కారుతుంటే కారణం వెతకాలి, లేదా వాల్వు మార్చాలి. మూయడం మాత్రం వద్దు.

మురుగు నిలిచినప్పుడు

ఒక్క సింకు నిలిస్తే అడ్డు దాని ట్రాపులోనే, అంటే కింద వంపు తిరిగిన పైపులోనే ఉంటుంది. కింద బకెట్టు పెట్టి ట్రాపును విప్పి కడగండి. స్నానాల గది నేల రంధ్రం నిలిస్తే రబ్బరు ప్లంజరు వాడండి. రంధ్రం మునిగేంత నీరు ఉంటేనే అది లాగుతుంది. పైన ఫ్లష్ చేస్తే కింది అంతస్తు నేల రంధ్రంలో గుడగుడలు వినిపిస్తే అడ్డు ప్రధాన లైనులో ఉంది. ఇంటి నుంచి దూరంగా ఉన్న చాంబరు మూత నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తెరవండి. నిండిన చాంబరుకూ ఖాళీ చాంబరుకూ మధ్య పైపులోనే అడ్డు ఉంటుంది. కర్ర కాదు, ప్లంబర్ల దగ్గర ఉండే వంగే స్ప్రింగు కడ్డీ వాడాలి.

యాసిడ్ పోశాక అడ్డు పోకపోతే, తర్వాత ఆ పైపు విప్పే మనిషి ముఖం మీద ఆ యాసిడే చిమ్ముతుంది. పోసి ఉంటే ముందే చెప్పండి.

నిలవడం లేదు కానీ వాసన వస్తోందంటే ట్రాపు ఎండిపోయింది. ట్రాపులో 5 సెంటీమీటర్ల నీటి అడ్డే మురుగు వాయువును ఇంట్లోకి రాకుండా ఆపుతుంది. వాడని గదిలో వారానికొకసారి ఒక మగ్గు నీరు పోయండి. నీరు పోసినా మళ్లీ ఖాళీ అవుతుంటే పైన గాలి పైపు మూసుకుపోయి, ఫ్లష్ చేసినప్పుడల్లా ట్రాపు నీటిని పీల్చేస్తోంది. పక్షిగూళ్లు, ఆకులు అడ్డుపడ్డాయేమో చూడండి.

కొత్తగా మురుగు పైపు వేస్తే మీటరుకు దాదాపు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. మరీ చదునుగా ఉంటే మలం నిలుస్తుంది.

సెప్టిక్ ట్యాంకు

ట్యాంకులో బరువైనది అడుగుకు దిగుతుంది, నూనె, జిడ్డు పైకి తేలుతాయి, మధ్యలోని నీరే ఇంకుడు గుంతకు వెళ్లాలి. అడుగు మడ్డి, పై తెట్టు కలిసి మొత్తం లోతులో మూడో వంతుకు చేరితే తోడించాలి. సాధారణ కుటుంబానికి ఇది 3 నుంచి 5 ఏళ్లకొకసారి వస్తుంది. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి అడుగు దాకా దించి తీస్తే మడ్డి ఎంతవరకు ఉందో గుడ్డ మీది నలుపు చెబుతుంది. తోడించకుండా వదిలేస్తే మడ్డి గుంతలోకి పోయి మట్టి రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకును తోడించవచ్చు కానీ, మూసుకుపోయిన గుంతను మళ్లీ తవ్వాల్సిందే.

వాన నీటి పైపును ఇందులో కలపవద్దు. తడి తుడుపు కాగితాలు, శానిటరీ ప్యాడ్లు, వంట నూనె వేయవద్దు. బ్యాక్టీరియా పొడులు కొని వేయనక్కర్లేదు. కావలసిన సూక్ష్మజీవులు మలంతోనే వస్తాయి. గుంత మీద బండ్లు నిలపవద్దు, పెద్ద చెట్లు నాటవద్దు. తాగునీటి బావికీ ట్యాంకుకూ మధ్య కనీసం 15 మీటర్లు, ఇంకుడు గుంతకైతే 30 మీటర్లు ఉంచితే మేలు. మీ ప్రాంత నిబంధన ఇంకా ఎక్కువ అడిగితే అదే పాటించండి. పక్కింటి బోరును కూడా ఈ కొలతలో లెక్కపెట్టాలి. మీ గుంత నుంచి మీ బోరు ఎంత దూరమో చూసుకుని, ప్రహరీకి అవతల ఉన్న వారి బోరును మరిచిపోవడం తగదు.

ఇక్కడ ప్రాణాల మాట. సెప్టిక్ ట్యాంకులోకి మనిషి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగకూడదు, తల కూడా పెట్టకూడదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువైనప్పుడు ముక్కు వాసన పట్టే శక్తినే పోగొడుతుంది. వాసన రావడం లేదు కదా అన్న ధైర్యం అందుకే చంపుతుంది. కొద్ది శ్వాసలకే మనిషి కుప్పకూలుతాడు, కాపాడబోయిన రెండో మనిషీ కూలుతాడు. మీథేన్ మండుతుంది కాబట్టి అగ్గిపుల్లతో లోపలికి చూడకూడదు. పైనుంచి పైపు దించి తోడే యంత్రం ఉన్నవారినే పిలవండి. పని తక్కువకు చేస్తామని దిగడానికి సిద్ధపడేవారిని మీరే ఆపండి. మూత బరువుగా, పిల్లలు ఎత్తలేని విధంగా బిగిసి ఉండాలి.

ప్లంబర్‌ను పిలిచినప్పుడు

మీరు చేసిన పరీక్షలన్నీ వరుసగా చెప్పండి: ఏ కుళాయి, ఏ సమయం, ఏ వాల్వు మూస్తే ఆగింది. సగం పని అక్కడే తేలుతుంది. పాత వస్తువు తీసేస్తే అది ఎందుకు పోయిందో అడిగి చూడండి. మంచి పనివారు చూపించి చెబుతారు. గోడ గానీ గుంట గానీ పూడ్చకముందే లైను నింపి, కుళాయిలు కట్టి, ఒక రాత్రి వదిలేయమనండి. మరునాడు ప్రతి జాయింటు కింద పొడి కాగితంతో తుడిచి చూడండి. చెమ్మ తగలకపోతే ఫొటో తీసుకుని, పైపు గోడ నుంచి ఎంత దూరంలో, ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకుని, అప్పుడు పూడ్చమని చెప్పండి.